నిమిషానికి ఇరవైరెండు చుక్కలు

మన నగరంలో అద్దె ఇల్లు ఖాళీ చెయ్యడమంటే ఒకప్పుడు పెద్ద పనేం కాదు. సామాను ట్రాలీ ఆటోకెక్కించడం, తాళం ఓనరు చేతిలో పెట్టడం, గోడకి మేకులు కొట్టావని ఆయన సణుగుతుంటే వినీ విననట్టు బయటపడటం. ఆ సణుగుడు ఏళ్ల తరబడి విని విని పైవాళ్ల మనసు కరిగింది. నగర అద్దె నివాసాల యథాస్థితి మండలి అని ఒకటి పెట్టారు. దిగిన రోజు ఇల్లు ఎలా ఉందో, వదిలిన రోజూ అలాగే ఉండాలి. అంతే చట్టం. మొదట "పాడు చేయరాదు" అని రాశారట. పాడైందో లేదో తేల్చేవాడు ఒకడికి ఒకలా, ఇంకొకడికి ఇంకోలా తేలుస్తాడు, పక్షపాతం వస్తుంది అని భయపడి, ఆ మాట కొట్టేసి "మార్పు ఉండరాదు" అని పెట్టారు. మార్పు పట్టుకోవడానికి బుర్రతో పనిలేదు, టేపు చాలు. ఆ సవరణ జరిగిన రోజు చాలాసేపు బల్లలు చరిచారని పేపర్లో వచ్చింది.

ముత్యాలరావు పేపరు చదివే మనిషి కాడు. పాత చేపల మార్కెట్టు వెనక అతనికి మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటారులోంచి మసిబారిన తీగ లాగి పారేసి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్లీ తిరిగేలా చెయ్యడం అతని పని. ఆ పని ముప్పై ఏళ్లు చేసి చేసి అతనికో జబ్బు పట్టుకుంది. ఏదైనా పాడై కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చుట్టాలింటికి వెళ్తే భోజనానికి ముందు వాళ్ల మిక్సీ విప్పుతాడు.

ఆరేళ్ల కిందట పానకాలరావుగారి మేడ మీద పోర్షన్లో దిగాడు. పానకాలరావు బస్సు కండక్టరుగా రిటైరై, వచ్చిన డబ్బుతో తన ఇంటి మీద ఇంకో అంతస్తు లేపినవాడు, ఇప్పుడు భార్య పోయి కింద ఒక్కడే ఉంటున్నాడు. దిగిన రోజు మండలి వాళ్లు వచ్చి కొలతలు తీసుకుంటుంటే ముత్యాలరావు టేపు రెండో కొస పట్టుకున్నాడు. పెట్టమన్న మూడు చోట్లా సంతకం పెట్టాడు. మర్నాటినుంచి కనబడ్డ లోపమల్లా బాగుచేసుకుంటూ పోయాడు.

ఇప్పుడు ఆ ఇల్లు వదలక తప్పని పరిస్థితి. వాళ్లమ్మ సూరమ్మ నాలుగు నెలల కిందట మెట్ల మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. రాడ్ వేశారు. గదిలో వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది కానీ మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ గేటు దగ్గర చాప వేసుకుని ఆడవాళ్లతో ఆకుకూర ఒలుచుకుంటూ వీధి సంగతులన్నీ తేల్చే మనిషి, బాల్కనీ ఊచలు పట్టుకుని కిందికి చూస్తూ కూచుంటోంది. ఒకరోజు కోడలు రత్నవేణిని అడిగిందట, నేను మట్టి మీద కాలు పెట్టేది ఇంక పాడె ఎక్కేటప్పుడేనా అమ్మా అని. రత్నవేణి ఆ మాట మొగుడికి చెప్పింది. అతను అన్నం ముందునుంచి లేచిపోయి వారం తిరక్కుండా కింద ఇల్లొకటి వెతికాడు. మట్టి వాకిలి, జామచెట్టు, గడపకి ఒకటే మెట్టు. ఆ ఓనరు ఒకటో తారీఖు దాకా ఆపుతానన్నాడు, ఆ తర్వాత ఆగనన్నాడు.

అయితే పాత ఇంటి నిర్గమన ధ్రువపత్రం లేకుండా కొత్త ఇంట్లో కాలు పెట్టకూడదు. ముత్యాలరావు మండలి ఆఫీసుకెళ్లి మూడో కౌంటరులో అర్జీ ఇచ్చాడు. ఇంటికి వస్తూ పానకాలరావుతో ధీమాగానే చెప్పాడు, మన ఇంటికి వంక పెట్టే మొనగాడెవడు బాబాయ్ అని.

స్థితి నిర్ధారణాధికారి సుదర్శనంగారు తొమ్మిదో తారీఖు పొద్దున వచ్చారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో అట్ట. అట్ట మీద ఆరేళ్ల నాటి ప్రవేశ స్థితి పత్రం, నలభై మూడు అంశాలు. నేరుగా స్నానాల గదిలోకి వెళ్లి, కుళాయి ముందు నిలబడి, గడియారం చూసుకుంటూ నిమిషం గడిపారు.

"సదరు కుళాయి ప్రవేశ సమయమున నిమిషానికి ఇరవైరెండు చుక్కల చొప్పున కారుచుండెను," అని చదివారు. "ప్రస్తుతం కారుట లేదు."

బాగుచేశానండి అన్నాడు ముత్యాలరావు, మెచ్చుకుంటారనుకుని.

సుదర్శనంగారు అతన్ని జాలిగా చూశారు. ఒప్పుకోలు నమోదైనది అని రాసుకున్నారు.

ఇక వరస పెట్టి అంతే. వీధి తలుపు ఎత్తి పడితే కానీ మూసుకునేది కాదు, ఇప్పుడు వేలితో తోస్తే మూసుకుంటోంది. వంటింటి స్విచ్చు ముట్టుకుంటే "స్వల్ప విద్యుదాఘాతం" తగిలేది, సుదర్శనంగారు మూడుసార్లు ముట్టుకున్నా తగల్లేదు. పడకగది గోడ మీద మేక ఆకారంలో చెమ్మ ఉండేది, మేక లేదు. బల్లులు నాలుగుకి రెండే ఉన్నాయి. పడమటి కిటికీలోంచి కొబ్బరిచెట్టు కనబడాలి, అయిదంతస్తుల అపార్టుమెంటు కనబడుతోంది. ఆ అపార్టుమెంటు నేను కట్టలేదండి అని ముత్యాలరావు మొత్తుకున్నాడు.

"మీరు కట్టారని మేము అనలేదు. కనబడుచున్నదని మాత్రమే అన్నాము."

పద్దెనిమిదో అంశం దగ్గర ఆగి సుదర్శనంగారు సూరమ్మ వైపు చూశారు. అద్దెదారు తల్లి, నడవగలదు అని ఉంది పత్రంలో. వాకరు వైపు కూడా చూశారు. ఇదీ మార్పే, సరిచేసి అప్పగించవలెను అన్నారు. అప్పగించేది ఇంటినండీ, అమ్మని కాదు, ఆమెని నాతో తీసుకుపోతున్నాను అన్నాడు ముత్యాలరావు. ఆ పాయింటు ఆయనకి తట్టలేదు కాబోలు, కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, "తరలించు సామాను" అన్న గడిలోకి సూరమ్మని మార్చి రాశారు. ఆవిడ ఆయనకి మజ్జిగ ఇమ్మని కోడలికి చెప్పింది.

పోతూ పోతూ ఆయన ఇరవై ఆరు లోపాలు లోపించినవని లెక్క తేల్చారు. నెలాఖరు లోపల వాటిని పునరుద్ధరించాలి. అన్నీ బాగున్నాయి కదండీ, బాగుండటం కూడా తప్పేనా అని అడిగితే, బాగోగులు మా పరిధిలోకి రావు అన్నారు.

ముప్పై ఏళ్లు బాగుచేసి బతికినవాడికి పాడుచెయ్యడం రాలేదు. అదీ లెక్క ప్రకారం పాడుచెయ్యడం. కుళాయి వాషరు తీసి ఆకురాయితో ఓ పక్క అరగదీశాడు. నిమిషానికి పంతొమ్మిది వచ్చాయి. ఇంకొంచెం అరగదీస్తే ముప్పై ఒకటి. కొత్త వాషరు వేసి మళ్లీ మొదలు. మధ్యాహ్నం షాపు మూసేసి వచ్చి బక్కెట్టు ముందు గొంతుక్కూచునేవాడు. పానకాలరావు, రిటైర్మెంటు నాడు తనకిచ్చిన గడియారం పట్టుకుని గుమ్మంలో పీట వేసుకుని కూచుని చుక్కలు లెక్కపెట్టేవాడు. కండక్టరు కదా, లెక్కలో పొరబడడు.

"ఇరవై నాలుగు. ఇద్దరు ఎక్కువున్నార్రా బండిలో, దింపెయ్," అనేవాడు.

ముత్యాలరావు వాషరు తిరగేసేవాడు. రత్నవేణి పునుగులు వేసి పెట్టేది. ఆమె నెల్లాళ్లుగా మొగుడు నవ్వగా చూడలేదు, ఇప్పుడు స్నానాల గదిలోంచి ఇద్దరి నవ్వులూ వినబడుతున్నాయి. పదకొండు వాషర్లు చెడగొట్టాక, ఇరవై ఒకటో తారీఖున ఇరవైరెండు చుక్కలు వచ్చాయి. పానకాలరావు నోట్లో రెండు వేళ్లు పెట్టి బస్సు ఆపినట్టు ఈల వేశాడు.

తలుపు కీలు వంచి కుంగదీశారు. స్విచ్చు వెనక తీగ మీద తొడుగు గోకి, షాకు స్వల్పంగా తగిలేదాకా ఇద్దరూ వంతులవారీగా ముట్టుకుని చూశారు. గోడకి రోజూ తడిగుడ్డ అద్ది మేకని తెప్పించారు. కొమ్ములు రాకపోతే పానకాలరావు చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి కొమ్ములు పోశాడు. రెండు బల్లుల్ని ముత్యాలరావు షాపులోంచి బిస్కెట్టు డబ్బాలో తెచ్చాడు. పడమటి కిటికీకి కొబ్బరిచెట్టు బొమ్మ ఉన్న పాత క్యాలెండరు అడ్డంగా కట్టారు.

ఇరవై ఏడో తారీఖున సుదర్శనంగారు మళ్లీ వచ్చారు. చుక్కలు లెక్కపెట్టి తల పంకించారు. షాకు కొట్టించుకుని చెయ్యి విదిలించుకుంటూ, సంతృప్తికరం అని రాశారు. బల్లుల దగ్గర మాత్రం కొంచెం తటపటాయించారు, ఇవి ఆ బల్లులేనా అని. పత్రంలో వాటి పేర్లు లేవు కాబట్టి ఒప్పుకున్నారు. కొబ్బరిచెట్టు "కనబడుచున్నది".

నలభై రెండు అంశాలూ అయ్యాయి. మొదటిసారి పానకాలరావు ఎదురుగా లేక చూడకుండా వదిలేసిన నలభై మూడోది మిగిలింది. సుదర్శనంగారు కాగితం తిప్పుతుండగా పానకాలరావు కిందనుంచి ప్లాస్కుతో టీ తెచ్చి, ముందు ముత్యాలరావు గ్లాసులో పోసి, ఆపైన మిగతావాళ్లకి పోశాడు. ముత్యాలరావు, చక్కెర తగ్గించు బాబాయ్, నీకు మంచిది కాదు అన్నాడు. సుదర్శనంగారి పెన్ను గాల్లో ఆగిపోయింది.

"అంశం నలభై మూడు. యజమాని అద్దెదారుల పరస్పర సంబంధం. ప్రవేశ సమయమున, ముభావం."

నిజమే. ఆరేళ్ల కిందట దిగిన రోజు వాళ్లిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. ఇంట్లో గోడలతోపాటు వాతావరణం కూడా ఒక భాగమేనని, దాన్నీ కొలవాలని ఎవరో నిపుణులు చెబితే మండలి ఆ గడి చేర్చింది. పద్దెనిమిది రోజులు పక్కపక్కన కూచుని ఇల్లు పాడుచేసిన పుణ్యమా అని, ఆ గడి అసలెన్నడూ లేనంతగా చెడిపోయి ఉంది.

ముత్యాలరావు చేతులు జోడించాడు. ఒకటో తారీఖు దాటితే ఆ ఇల్లు పోతుందండీ, మా అమ్మ మళ్లీ ఈ మేడ మీదే కూచోవాలి అన్నాడు. సుదర్శనంగారు రాయి కాదు. అనుబంధాలు తిరగేసి ఒక దారి చూపించారు. పదిహేను రోజులు ముభావంగా ఉన్నట్టు ఇరుగుపొరుగు సాక్ష్యం ఉండాలి, వ్యవధి లేదు కనుక, నిబంధన ప్రకారం అధికారి సమక్షంలో ఒక తగాదా పదిహేను రోజుల ముభావానికి సమానం. ఇప్పుడే కానిచ్చుకోవచ్చు, నేను పావుగంట ఉంటాను అని కుర్చీ లాక్కుని కూచున్నారు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పానకాలరావు గొంతు సవరించుకుని, నువ్వు మంచి అద్దెదారుడివి కాదు అన్నాడు, బోర్డు మీద ఊరి పేరు చదివినట్టు. మీరూ మంచి ఓనరు కాదండి అన్నాడు ముత్యాలరావు, వెంటనే నవ్వొచ్చి మొహం పక్కకి తిప్పుకున్నాడు. రత్నవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుదర్శనంగారు ఇది తగాదా కాదు, సంభాషణ అని కొట్టేశారు. ఇంకోసారి ఇద్దరూ నీళ్ల ట్యాంకు మీద తగాదాకి ప్రయత్నించారు. అదీ కొట్టేశారు.

"విషయం ఉండాలి," అన్నారాయన ఓపిగ్గా. "ఇన్నేళ్లలో మీ ఇద్దరి మధ్య చెప్పకుండా దాచుకున్నది ఏదో ఒకటి ఉంటుంది. అందరి మధ్యా ఉంటుంది. అది తీయండి."

కుళాయి లెక్క ప్రకారం కారుతోంది. పానకాలరావు గ్లాసు కింద పెట్టాడు.

"ఊళ్లో అందరికీ చెప్పుకుంటావుగా, బాబాయి ఇల్లంతా నేనే బాగుచేశానని. నేను నిన్ను అడిగానురా?" గొంతు పెద్దది చెయ్యలేదు. "ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి కట్టుకున్న ఇల్లు. వంకరైనా అది నేను పెట్టించిన తలుపు. నువ్వొచ్చింది మొదలు మీ పిన్ని ఏది చెడినా నాకు చెప్పలేదు. ముత్యాలు రానీండి, ముత్యాలు చూస్తాడులెండి అనేది. పోయేముందు రోజు కూడా, ఫ్యాను చప్పుడొస్తోంది ముత్యాలుకి చెప్పండి అంది. నా ఇంట్లో నేను టికెట్టు లేనోడిలా కూచున్నాను."

ముత్యాలరావు మొహంలో నవ్వు పోయింది. అప్పటికీ అతను ఊరుకుందామనే అనుకున్నాడు. చెయ్యి ఊరుకోనట్టే ఆ పూట నోరూ ఊరుకోలేదు.

"అన్నీ నేను బాగుచేశానా బాబాయ్? మెట్లలో నాలుగోది చెయ్యలేదు. మిగతావాటికంటే రెండంగుళాలు ఎత్తు. మూడుసార్లు అడిగాను నిన్ను. బొచ్చెడు సిమెంటు, గంట పని. మెట్లు నీ పోర్షను కాదు, చెయ్యి పెట్టకు అన్నావు. మా అమ్మ పడింది దాని మీదే. నాలుగు నెలలుగా ఈ మాట పంటి కింద పెట్టుకుని నీ ఎదురుగా కూచుని టీ తాగుతున్నాను."

లోపల గదిలో సూరమ్మ, ఊరుకోరా అంది. ఎవరికీ వినబడలేదు. పానకాలరావు ప్లాస్కు తీసుకుని, మూత పెట్టడం మరిచిపోయి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సుదర్శనంగారు చాలాసేపు రాశారు. రాసి, విచారంగా తల ఊపారు. తగాదా నిస్సందేహంగా జరిగింది, అందులో లోటు లేదు, అయితే ప్రవేశ సమయాన ఉన్నది ముభావం, ఇప్పుడు ఏర్పడినది వైరం. హద్దు దాటింది. ఇదీ మార్పే. ఒకటో తారీఖు ఉదయానికి దీన్ని ముభావం స్థాయికి తగ్గించుకోవలెను అన్నారు. తగ్గించుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా అండీ అని రత్నవేణి అడిగింది. అది ఉభయ పక్షాల అంతర్గత విషయం అన్నారు.

తగ్గించుకోవడానికి ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేకపోయింది. ఆ నాలుగు రోజులూ పానకాలరావు మేడెక్కలేదు. ముత్యాలరావు షాపుకి వెళ్తూ గేటు దగ్గర ఆయన ఎదురైతే ఇద్దరూ ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు. ఇన్నాళ్లూ స్నానాల గదిలో వినబడ్డ నవ్వులు ఆగిపోయాక ఇంట్లో చుక్కల చప్పుడు మరీ పెద్దదైంది. రత్నవేణి కుళాయి కింద గుడ్డ వేసింది. చప్పుడు కూడా పత్రంలో ఉందేమోనని భయపడి మళ్లీ తీసేసింది.

ఒకటో తారీఖు పొద్దున సామాను ఆటోకెక్కింది. మిగిలింది సూరమ్మ. ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి మెట్ల మీదికి తెచ్చారు. కింద నుంచి పట్టేవాడు ఒకడు కావాలి. ఆటోవాడు నడుము నొప్పన్నాడు. సుదర్శనంగారు అట్టతో నిలబడి, అధికారి తరలింపులో పాల్గొనరాదు అన్నారు. ముత్యాలరావు ఎవర్నీ పిలవలేదు. పానకాలరావే పైకొచ్చాడు. పంచె ఎగ్గట్టి, ఎవరి మొహమూ చూడకుండా, కుర్చీ ముందు కాళ్లు రెండూ పట్టుకున్నాడు.

వెనక్కి నడుస్తూ ఒక్కో మెట్టు దిగుతున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి. నాలుగో మెట్టు దగ్గర ఆగాడు. పైన ముత్యాలరావూ ఆగాడు. పానకాలరావు కాలి బొటనవేలితో అంచు తడిమి చూసుకుని, కుర్చీ బరువంతా తన వైపు తీసుకుని, ఆవిడ ఒంటికి కుదుపు తెలియకుండా దింపాడు. ఇద్దరి నోటంటా ఒక్క మాట లేదు. సుదర్శనంగారు పక్కనే దిగుతూ రాసుకుంటున్నారు.

కింద కుర్చీ ఆనించగానే సూరమ్మ చెప్పులు విడిచి రెండు పాదాలూ నేల మీద పెట్టింది. పెట్టి అలాగే కాసేపు కూచుంది. ఆవిడకి మండలి సంగతులు తెలియవు, తెలిసినా లెక్కచేసే మనిషి కాదు.

"తమ్ముడూ, ఆదివారం వస్తావుగా? నువ్వు రాకపోతే నాకు తోచదయ్యా."

సుదర్శనంగారు పెన్ను ఎత్తి పట్టుకుని పానకాలరావు వైపు చూశారు. పానకాలరావు ఆ పెన్ను వైపు చూశాడు. తర్వాత ముత్యాలరావు వైపు చూశాడు. వస్తానంటే ధ్రువపత్రం పోతుంది, జామచెట్టు ఇల్లు పోతుంది. పంచె దులుపుకుని గేటు పక్కకి వెళ్లి నిలబడ్డాడు. ఆ పెన్ను చూసి వస్తాననలేదో, నిజంగానే రాదలుచుకోలేదో ముత్యాలరావుకి అర్థం కాలేదు. అడగడానికి వీల్లేదు.

"ముభావం. సంపూర్ణం," అని రాసి సుదర్శనంగారు ముద్ర వేశారు. ఇంత నిష్ఠగా యథాస్థితి పాటించిన అద్దెదారుని తన సర్వీసులో చూడలేదని చెప్పి, ధ్రువపత్రం చేతిలో పెట్టి, చెయ్యి కలిపారు.

ఆటోలో తల్లి పక్కన కూచుని ముత్యాలరావు ఆ కాగితం చదివాడు. జన్మలో మండలి కాగితం పూర్తిగా చదవడం అదే మొదలు. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ఉభయ పక్షాల పరస్పర స్థితిలో ఏ సమయమునందైనను మార్పు సంభవించినట్లు మండలికి తెలియవచ్చినచో ఈ పత్రము రద్దగును, నూతన నివాసము ఖాళీ చేయవలెను.

సూరమ్మ మోచేత్తో పొడిచింది. "ఒరే, ఆయన ఇంకా గేటు దగ్గరే నిలబడ్డాడ్రా. ఒక్కసారి వెనక్కి చూడు, చెయ్యి ఊపు."

ముత్యాలరావు చూడలేదు. ఆటో వెనకాలే, కొత్త ఇంటి ప్రవేశ స్థితి రాసుకోవడానికి, సుదర్శనంగారు స్కూటరు మీద వస్తున్నారు.